నాలుగు మూలలా పసుపు

మాణిక్యమ్మ గారి పెద్దకర్మ కార్డు వచ్చి రెండు రోజులైంది. నిన్నటిదాకా నేను కవరు విప్పలేదు. తెచ్చింది వాళ్ళ పెద్దబ్బాయి. అలాంటి కార్డు పట్టుకొచ్చినవాళ్ళు గడప తొక్కరు, మంచినీళ్ళు ముట్టరు, వెళ్ళొస్తామని చెప్పరు కదా. వీధి గేటు దగ్గరే నిలబడి "పిన్నిగారూ, కార్డు పెట్టానండీ" అని ఒక్క కేక వేశాడు. అప్పుడు నేను పప్పులో పోపు పెడుతున్నాను. ఇంగువ మాడకుండా స్టవ్ కట్టేసి, ఆపరేషనైన మోకాలిని బతిమాలుకుంటూ వరండాలోకి వచ్చేసరికి స్కూటర్ వీధి మలుపు తిరిగిపోయింది. పిట్టగోడ మీద తెల్ల కవరు, గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఓ గులకరాయి. కబురు నాకు ఫోన్లో ముందే తెలిసింది. ఆవిడ పోయిన రోజు నేను మంచం దిగలేని స్థితిలో ఉండి ఆఖరి చూపుకి వెళ్ళలేకపోయాను. ఇక కార్డులో కొత్తగా తెలిసేదేముంది? విప్పితే చదవాలి, చదివితే చింపాలి. చావు కబురు మోసుకొచ్చిన కాగితం ఇంట్లో ఉండకూడదని మా నాన్నమ్మ నాటి నుంచీ ఉన్న ఆచారం. ఆవిడ పేరున్న కాగితాన్ని నా చేతులతో చింపడానికి మనసొప్పలేదు. తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద మందుల డబ్బా కింద పెట్టాను.

మా అన్నయ్య మనవరాలు హారిక పరీక్షలకి చదువుకోవడానికని ఈ వారమంతా మా ఇంట్లోనే ఉంటోంది. ఆ పిల్ల చదివేది ప్రజాసంబంధాల కోర్సు. నిన్న పొద్దున ఉప్మా తింటూ ఫోన్లో చూసి పాఠం వల్లె వేస్తోంది. మీడియా రిలేషన్స్, కమ్యూనిటీ రిలేషన్స్, ఇంటర్నల్ కమ్యూనికేషన్, పబ్లిక్ అఫైర్స్, క్రైసిస్ మేనేజ్‌మెంట్. ఒక్కోటీ చదవడం, కళ్ళు మూసుకుని అప్పజెప్పడం, మరిచిపోయి మళ్ళీ ఫోన్ చూడడం. నా చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంత ఏడుస్తూ చదవలేదు మేము. ఉన్నట్టుండి తలెత్తి, "మామ్మా, నువ్వూ పీఆర్‌లోనే చేశావంట కదా! ఇందులో నీ స్పెషలైజేషన్ ఏంటి?" అంది. నేను "ముంపు" అన్నాను. అలాంటిది సిలబస్‌లో లేదంది. ఉంటుంది, ఇంగ్లీషు పేరుతో ఉంటుంది చూడు, ఆఖరిది అదే, అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. నమ్మించడానికి చెప్పడం మొదలుపెట్టి, ఉప్మా చల్లారి, కాఫీ కూడా చల్లారి, మధ్యాహ్నం వంట ఆలస్యమయ్యేదాకా చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఏలూరులో కాలవ పక్కన ఓ ప్రింటింగ్ ప్రెస్సు మీద మేడ గది మా ఆఫీసు. కింద నుంచి సిరా వాసన, వెనక వీధిలోంచి వేరుశనగ నూనె గానుగ వాసన, వాన పడితే కాలవ వాసన. గోడకి మూడు కుర్చీలు, ఒక ఫోను, ఫోనుకి తాళం. యజమాని వీరభద్రం గారు కుర్రతనంలో సర్కస్‌కి మైకు పట్టుకుని ఊరూరా తిరిగినాయన. ఆ గొంతుతో ఆయన కాఫీ అడిగినా కింద ప్రెస్సులో మిషను ఆగేది. రైసుమిల్లులు, సినిమా హాళ్ళు, చేపల వ్యాపారులు, వీళ్ళకీ జనానికీ మధ్య పొత్తు చెడకుండా చూడడం మా పని. దానికి ప్రజాసంబంధాలని పేరుందని ఆయనకి తెలుసు గానీ, ఆ మాట బోర్డు మీద తప్ప వాడేవారు కాదు. "డాక్టర్లలో కంటి డాక్టరు వేరు, పంటి డాక్టరు వేరు కదమ్మా. మన పనిలోనూ అంతే. పంటి డాక్టరుకి కళ్ళు చూపిస్తే ఏమవుతుంది?" అని మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి విడదీసి చెప్పారు. పత్రికలవాళ్ళతో మాట్లాడేది పేపర్ల పని. ఊళ్ళోవాళ్ళని కలుపుకొచ్చేది పిలుపుల పని. మిల్లు సంగతి మిల్లులో వాళ్ళకి ముందు చెప్పేది లోపలి పని. "మిల్లు కబురు మిల్లు కూలీకి టీ కొట్లో తెలిసిందా, ఇక మనం దుకాణం కట్టెయ్యొచ్చు" అనేవారు. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగేది ఆఫీసర్ల పని. ఈ నాలుగూ చెడితే మిగిలేది ముంపు పని. కొల్లేరు పొంగి ఊళ్ళు మునిగితే ఏం చేస్తామో, పరువు మునిగినప్పుడూ అదే చెయ్యాలని ఆయన సిద్ధాంతం. ఏం చెయ్యాలండీ అని అడిగాను. "గట్టు మీద నిలబడి మాట్లాడకూడదమ్మా. మోకాళ్ళు తడుపుకోవాలి" అన్నారు. అర్థమైనట్టు తల ఊపాను. నాకేమీ అర్థం కాలేదు.

పేపర్ల పని ప్రసాదు గారిది. పొద్దున్నే ఆయన బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని, విలేకరులు ఒక్కొక్కరే వస్తుంటే పెసరట్టు చెప్పేవారు. ఎవరికి అల్లం పచ్చడి పడదో, ఎవరి తల్లికి కీళ్ళనొప్పులో, ఎవరి కొడుకు లెక్కల్లో తప్పాడో ఆయనకి తెలుసు. మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చి "వేశారు" అనో "మానేశారు" అనో ఒక్క మాట చెప్పి, కుర్చీలో కునుకు తీసేవారు. వెయ్యించడం కంటే మాన్పించడం కష్టమని, అది పెసరట్టుతో కాదు మర్యాదతో అయ్యే పనని తరవాత తెలుసుకున్నాను. ఇక పిలుపుల పని మాణిక్యమ్మ గారిది. అప్పటికే నలభై దాటిన మనిషి. ముదురు రంగు నేతచీర, చేతిసంచీలో వెండి కుంకుమ భరిణ. ఏ ప్రారంభోత్సవానికైనా కార్డులు రాగానే నేల మీద చాప పరుచుకుని, గిన్నెలో పసుపు కలుపుకుని, ఒక్కో కార్డుకీ నాలుగు మూలలా వేలితో అద్దేవారు. గదంతా పచ్చి పసుపు వాసన. ఆ తరవాత ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుపు. బొట్టు పెట్టుకోని పెద్దావిడలుంటే వాళ్ళ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "మీరు రాకపోతే ఎలాగండీ" అని పిలిచేవారు. వాళ్ళు అందరికంటే ముందు వచ్చి కూర్చునేవారు.

ఇవన్నీ నాకు అప్పుడు ఎంత చిన్నచూపో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. విశాఖపట్నంలో డిగ్రీ చదివి, రెండు ఇంగ్లీషు పత్రికలు తిరగేసి వచ్చినదాన్ని. పసుపు అద్దడం కూడా ఒక ఉద్యోగమేనా అనుకునేదాన్ని. అనుకోవడమే కాదు, ఓసారి పైకే అన్నాను కూడా. మాణిక్యమ్మ గారు నొచ్చుకోలేదు. "నేర్చుకుంటే తెలుస్తుంది లేమ్మా, చెయ్యి ఖాళీయేగా, ఆ కట్ట ఇటు ఇయ్యి" అన్నారు. నేను ఇవ్వలేదు, నా చేతికి పసుపంటితే రైల్లో బాగుండదని.

రైలు సంగతెందుకంటే, మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. ఉల్లిపాయల మార్కెట్టు వెనక మా నాన్నకి టోకు కొట్టు. ఇంట్లో గాలి వీస్తే ఉల్లిపొట్టు ఎగిరేది, అన్నంలో పడేది, పుస్తకాల్లో దొరికేది. పొద్దున్నే ప్యాసింజరెక్కి కూర్చుంటే పక్కావిడ ముక్కు ఎగబీల్చి "గూడెమాండీ?" అని అడిగేది. నాన్నకి నా ఉద్యోగం బొత్తిగా బోధపడలేదు. "ఊళ్ళోవాళ్ళతో మంచిగా ఉండడానికి కూడా జీతం ఇస్తారటమ్మా? మనం కొట్లో ఊరికే ఉంటున్నాం కదా!" అన్నారు. చివరికి మూడు నెలలకి ఒప్పందం కుదిరింది. మూడు నెలల్లో ఆఫీసువాళ్ళు నన్ను పనికొస్తానని ఉంచుకుంటే సరే, లేదంటే బుద్ధిగా వచ్చి కొట్లో కూర్చోవాలి. కొట్టంటే నాకు అసహ్యం లేదు. కానీ అక్కడ మాటలకి పని లేదు. ఉల్లిపాయ మంచిదైతే మాట అక్కర్లేదు, కుళ్ళిందైతే మాట చాలదు. నాకేమో మాటలతో బతకాలని ఉండేది. ఎలాగైనా ఆ మేడ గదిలో నాకో కుర్చీ మిగలాలని రోజూ రైల్లో దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

మూడో నెల ఆఖరి వారంలో ఐస్ ఫ్యాక్టరీ పని వచ్చింది. సూర్యనారాయణ గారని చేపల వ్యాపారి, కొల్లేరు గట్టున ఐస్ ఫ్యాక్టరీ కట్టారు. ఆదివారం ప్రారంభం. ఎదురుగా ఉన్న లంక ఊరివాళ్ళంతా రావాలని ఆయన కోరిక. వాళ్ళు పట్టిన చేపకే ఆయన ఐసు. పైగా ఓ ఏడు ఊరు నీళ్ళలో చిక్కుకుంటే బియ్యం, కిరసనాయిలు లారీలో వేసుకుని వచ్చిన మనిషని ఆ ఊరికి ఆయన మీద ప్రేమ. కార్డు వేయించే పని ఆయనే నాకు అప్పగించారు. "పెళ్ళి కార్డులా ఉండొద్దమ్మా, కంపెనీ కార్డులా ఉండాలి" అన్నారు. నా రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఓ కార్డు దాచుకున్నాను, దాన్ని చూసి వేయించాను. దళసరి తెల్ల అట్ట. నల్ల అక్షరాలు. చుట్టూ సన్నటి నల్లగీత. పైన కోడిగుడ్డు ఆకారంలో సూర్యనారాయణ గారి ఫొటో. ఆ కింద ఆయన పేరు, ఆ కింద పెద్దక్షరాల్లో ఐస్ అని, చిన్నక్షరాల్లో ఫ్యాక్టరీ అని. ఆదివారం ఉదయం పది గంటలకి. అనంతరం భోజనాలు. అందరూ విచ్చేయ ప్రార్థన.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు. ప్రెస్సులో కంపోజిటరు ఫొటో వంకా నా వంకా రెండుమూడుసార్లు చూసి, "ఎప్పుడండీ?" అన్నాడు దిగులుగా. "ఆదివారం" అన్నాను ఉత్సాహంగా. మాణిక్యమ్మ గారు ఉండి ఉంటే అక్కడితో ఆగేది. కానీ మనవడి పుట్టువెంట్రుకలని ఆవిడ రెండు రోజులు ద్వారకా తిరుమల వెళ్ళారు. పోతూ పోతూ "కార్డులొస్తే పసుపు అద్ది పంపమ్మా" అని చెప్పారు కూడా. అంత తెల్లటి అట్ట మీద పసుపు మరకలా? కంపెనీ కార్డు పాడైపోదూ? కట్ట కట్టి, బుధవారం సాయంత్రం గట్టు దాకా పోయే చేపల లారీలో లంక ఊరికి పంపించేశాను.

శుక్రవారం పొద్దున్న పేపర్లకిచ్చే ప్రకటన మీద సంతకం కోసం సూర్యనారాయణ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ. ఇంతలో వీధిలో లారీ ఆగింది. అందులోంచి ముప్ఫై మందికి పైగా దిగారు. ముందు లంక ఊరి పెద్ద ఏడుకొండలు గారు, భుజాన తుండు, చేతిలో అరిటాకులో చుట్టిన పెద్ద చేమంతి దండ. వెనక ఆడవాళ్ళు. గేటు చూడగానే ఓ ముసలావిడ "మా తండ్రీ, మా బియ్యం తండ్రీ" అని శోకాలు ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. సూర్యనారాయణ గారు కంగారుగా నురగ చెంపతోనే మెట్లు దిగి, "అయ్యో, ఊరుకోండమ్మా, ఊరుకోండి. ఎవరండీ పోయింది?" అన్నారు. ఏడుకొండలు గారు దండతో సహా రాయిలా నిలబడిపోయారు. ఆయన్ని కిందనుంచి పైదాకా చూశారు. ఆ తరవాత ఎంతో వినయంగా, "తమరేనండీ" అన్నారు.

ఆ తరవాత జరిగినదంతా నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. ఎవరో అమ్మాయి కెవ్వుమంది. సూర్యనారాయణ గారి భార్య ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఏడుస్తూ ఆయనకి దిష్టి తీశారు. "కార్డొచ్చిందండీ, నల్ల కార్డు. ఆదివారం దాకా మిమ్మల్ని ఐసులో పెట్టారనుకున్నామండీ" అని ఎవరో కుర్రాడు వివరంగా చెప్పాడు. కార్డు ఏదీ అని ఆయన గర్జిస్తే అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చావు కార్డు ఎవరైనా దాచుకుంటారా? ఫొటో చూస్తారు, పేరు చూస్తారు, ఏ రోజో చూస్తారు, చింపి పారేస్తారు. ఊరు ఊరంతా చింపేసి, తలస్నానాలు చేసి, లారీ ఎక్కింది. వీధి వీధంతా గోడలెక్కి చూస్తోంది. ముందు ఎదురింటివాళ్ళు నవ్వారు, తరవాత రిక్షావాళ్ళు నవ్వారు. ఏడుకొండలు గారు మాత్రం నవ్వలేదు. దండని మళ్ళీ అరిటాకులో చుట్టి, "రండి పోదాం" అని తనవాళ్ళతో చెప్పి, తలొంచుకుని లారీ ఎక్కారు. నేను వరండా స్తంభం వెనక దాక్కున్నాను. సూర్యనారాయణ గారు నన్ను దాక్కోనివ్వలేదు. "ఆ అమ్మాయి ఆదివారం నా ఫ్యాక్టరీ గుమ్మంలో కనపడకూడదు. సోమవారం మీ ఆఫీసులో కనపడకూడదు" అని ఫోన్లో వీరభద్రం గారితో ఆయన అరుస్తుంటే, రెండో చెంప మీద నురగ ఎండి పెచ్చులూడుతోంది.

ఆఫీసుకి వచ్చి ఏడుస్తూ కూర్చున్నాను. ఉల్లిపొట్టు కళ్ళ ముందు కదులుతోంది. వీరభద్రం గారు నన్ను తిట్టలేదు. "నవ్వు ఎవరి మీదకి వచ్చిందమ్మా?" అని అడిగారు. సూర్యనారాయణ గారి మీదకండీ అన్నాను. "ఆయనకేం, కులాసాగా బతికే ఉన్నాడు. ప్రేమగా ఏడవడానికొచ్చినవాళ్ళని వీధంతా చూసి నవ్వింది చూడు, అక్కడ మునిగింది మనం. ఏడుకొండలు గారు ఇక ఆ ఊళ్ళో తలెత్తుకోవాలా వద్దా?" అన్నారు. అప్పటిదాకా నా కుర్చీ గురించే ఏడ్చాను గానీ ఆయన తలొంచుకుని లారీ ఎక్కడం గురించి ఆలోచించలేదు. ఆ సాయంత్రమే ప్రసాదు గారు హోటల్లో విలేకరుల్ని కూర్చోబెట్టి, జరిగినదంతా దాచకుండా చెప్పి, "రాస్తే మంచి వేడి వార్తేనండీ. కానీ ఆ ఊరివాళ్ళు సంతకి కూడా రాలేరు" అన్నారట. ఒక్కరూ రాయలేదు. పెసరట్టు డబ్బులు కూడా వాళ్ళే ఇచ్చుకున్నారని ప్రసాదు గారు ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు.

మాణిక్యమ్మ గారు ఆ మధ్యాహ్నమే కొండ మీద నుంచి దిగారు, చేతిలో ప్రసాదం లడ్డూలతో. జరిగిందంతా చెప్పాను. విని, గోడకి తిరిగి, భుజాలు ఊగేలా నవ్వారు. నవ్వడం అయ్యాక ఫోను తాళం తీయించి సూర్యనారాయణ గారికి చేశారు. "దోషమేమీ లేదండీ. పోయారన్న కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందండీ. మా పిల్ల మీకు ఇంకో ముప్ఫై ఏళ్ళు రాయించింది" అన్నారు. అవతల కాస్త చల్లబడ్డ గొంతు వినబడింది. నా సంగతి మాత్రం ఆయన మార్చుకోలేదు. మాణిక్యమ్మ గారు ఫోను పెట్టేసి, "రేపు పొద్దున్నే రా. పాత చీర కట్టుకుని రా" అన్నారు నాతో.

శనివారం గట్టు దగ్గర దోనె ఎక్కాం. పొద్దుటి నీళ్ళ మీద నాచు వాసన, ఎండు చేపల వాసన, కిక్కిసగడ్డి మధ్య గూడబాతులు పెద్దమనుషుల్లా బారులు తీరి కూర్చున్నాయి. వాటికి కూడా నా సంగతి తెలిసినట్టే అనిపించింది. మొదట ఏడుకొండలు గారిల్లు. ఆయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు, మర్యాద తప్పలేదు. కానీ కూర్చోమనలేదు. మాణిక్యమ్మ గారు భరిణ తీయబోతే, "వద్దండీ. చావుకి రమ్మన్నారు, వచ్చామండీ. మళ్ళీ పండగకి రమ్మంటే ఎలాగండీ? మాకూ రోషముంటుంది కదండీ" అన్నారు. మాణిక్యమ్మ గారు వెనక్కి జరిగి నా వీపు మీద చెయ్యేసి ముందుకి తోశారు. నా నోట మాట రాలేదు. మాటలతో బతుకుదామనుకున్నదాన్ని! చివరికి, "తప్పు నాదండీ. ఆ కార్డు నేనే వేశానండీ. పసుపు రాయమన్నారు, నేను రాయలేదండీ" అని చెప్పి, మీ మీదకి నవ్వు తెచ్చాను క్షమించండి అనబోయి ఏడ్చేశాను.

లోపల్నుంచి ముసలావిడ వచ్చింది. నిన్న గేటు దగ్గర మొదట ఏడ్చింది ఆవిడే, ఏడుకొండలు గారి తల్లి. నన్ను ఎగాదిగా చూసి, "పసుపు రాయడం రాదా అమ్మా నీకు?" అంది. వచ్చండీ అన్నాను. "మరి రాయి" అంది. కార్డులు చింపేశారు కదండీ, దేనికి రాయనూ అన్నాను. "కార్డు లేకపోతే గడప లేదా? చావు కాగితం దాటొచ్చిన గడప" అంది. లోపలికెళ్ళి గిన్నెలో పసుపు, చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. కొంగు బిగించి గడప ముందు కూర్చున్నాను. ఈ మూల నుంచి ఆ మూలకి రాశాను. మధ్యలో వదిలేస్తే ఆవిడ కాలి బొటనవేలితో చూపించింది. మాణిక్యమ్మ గారు కుంకుమ బొట్లు పెట్టారు. అప్పుడు ఆవిడే ముసలావిడ చేతులు రెండూ పట్టుకుని, "ఆదివారం ఫ్యాక్టరీ తెరుస్తున్నామండీ. సూర్యనారాయణ గారు నిక్షేపంలా ఉండి మరీ పిలుస్తున్నారండీ" అన్నారు. ముసలావిడ ఫక్కున నవ్వింది. ఏడుకొండలు గారు మొహం పక్కకి తిప్పుకుని వలలో ముడి వేసుకుంటూ ఉండిపోయారు.

పక్కింటావిడ గోడ మీంచి చూసి "మా గడప సంగతేంటండీ?" అంది. అంతే. ఆ రోజు ఆ లంకలో ఒక్క గడప కూడా వదల్లేదు. ఒక్కో ఇంటిముందూ అదే వరస: ఆ కార్డు వేసింది నేనేనండీ, క్షమించండీ, పసుపు ఇవ్వండీ. మొదటి ఇళ్ళల్లో ఏడుస్తూ చెప్పాను. మధ్య ఇళ్ళల్లో మామూలుగా చెప్పాను. ఆఖరి ఇళ్ళకి వచ్చేసరికి "తమరేనండీ" అన్న దగ్గర ఎంతసేపు ఆగితే ఎక్కువ నవ్వుతారో కూడా తెలిసిపోయింది. మాణిక్యమ్మ గారు నా చెవిలో, "ఆ మాట నీ మీదకి తిప్పుకుని చెప్పు, వాళ్ళ మీదకి కాదు" అని ఒక్కసారి హెచ్చరించారు. మళ్ళీ ఎప్పుడూ ఆ తప్పు చెయ్యలేదు. దోనె ఎక్కుతుంటే నా మోకాళ్ళు బురదా పసుపూ కలిసి ఉన్నాయి. వీరభద్రం గారు మోకాళ్ళ గురించి ఏమన్నారో అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం నన్ను ఫ్యాక్టరీ గుమ్మంలో కనపడొద్దన్నారు కనక వెనక ఊకబస్తాల దగ్గర కూర్చున్నాను. ఐసుదిమ్మలకి కప్పే ఊక అది. షామియానా ఖాళీగా ఉంది. పది గంటలు దాటింది. సూర్యనారాయణ గారు గట్టు వైపు చూడడం, వీరభద్రం గారు గడియారం వైపు చూడడం బస్తాల సందులోంచి కనిపిస్తోంది. అప్పుడు దోనెలు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, రేవులో చోటు చాలనన్ని. ఏడుకొండలు గారు కొత్త దండతో దిగారు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. "లోపలికి దయచెయ్యండి" అన్నారు సూర్యనారాయణ గారు. "వస్తామండీ. మా గడపలకి పసుపు రాసిన అమ్మాయి ఏదండీ? ఆ పిల్ల పిలిస్తే వచ్చామండీ. గుమ్మంలో పిలిచినవాళ్ళు లేకపోతే ఎలా అడుగుపెడతామండీ?" అన్నారాయన. సూర్యనారాయణ గారు వీరభద్రం గారి వంక చూశారు. వీరభద్రం గారు సర్కస్ గొంతుతో నా పేరు పెట్టి పిలిచారు. "రాజ్యలక్ష్మీ!" అన్న ఆ కేకకి గూడబాతులు లేచిపోయాయి. ఒంటినిండా ఊకతో పరిగెత్తుకొచ్చాను. ఏడుకొండలు గారు దండ తీసి సూర్యనారాయణ గారి మెడలో వేస్తూ, "ఇది ఫొటోకి కాదండీ" అన్నారు. ఆ మాటకి మొదట నవ్వింది ఏడుకొండలు గారే. రెండు రోజుల తరవాత ఆయన నవ్వడం చూసి నాకు కడుపు నిండిపోయింది. సోమవారం నేను ఆఫీసులో కనపడ్డాను. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు కనపడ్డాను.

ఆ ఆదివారం సాయంత్రం గూడెంలో రైలు దిగేసరికి కబురు నాకంటే ముందే చేరిపోయింది, ఉల్లిపాయలకొచ్చిన లారీ డ్రైవరు చెప్పాడట. నాన్న కొట్టు ముందు నిలబడి నా చేతులు చూశారు. పసుపు ఎంత రుద్దినా పోలేదు. "ఏమ్మా, ఉద్యోగమా, పేరంటమా?" అన్నారు. రెండూ నాన్నగారూ అన్నాను. ఆయన మీసంలోనే నవ్వి, "ఉల్లిపాయ కోసినవాళ్ళనే ఏడిపిస్తుంది. నువ్వు ఊరికి ఊరినే ఏడిపించి మళ్ళీ నవ్వించావు. నిన్ను కొట్లో కూర్చోబెడితే ఈ విద్య పాడవుతుందిలే" అన్నారు. ఆ తరవాత రోజూ మధ్యాహ్నం మాణిక్యమ్మ గారి చాప మీద కూర్చుని పసుపు అద్దాను. ఎక్కువ నీళ్ళు పోస్తే అట్ట ఉబ్బుతుందనీ, ఉంగరం వేలైతే గుండ్రంగా పడుతుందనీ, ఎవరింటికి ముందు వెళితే ఎవరు నొచ్చుకుంటారనీ, అదంతా ఓ పెద్ద చదువు. ముంపు పనిలో నాకు పేరొచ్చింది గానీ, ముంపు రాకుండా చూసేది పిలుపుల పనేనని నాకు ఆ చాప మీదే తెలిసింది. ఇద్దరం తగువు పడితే మాత్రం ఆవిడ ఆఖరి అస్త్రం ఒకటే ఉండేది: "మళ్ళీ ఇంటింటికీ తిప్పుతాను, జాగ్రత్త!"

హారిక కడుపు పట్టుకుని నవ్వింది. "ఇప్పుడైతే ఇలా అవదు మామ్మా, వాట్సాప్‌లో పెట్టేస్తారు, తప్పుంటే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేస్తారు" అంది. నిజమే. నాకు ఇప్పుడు పెళ్ళిపిలుపులూ ఫోన్లోనే వస్తున్నాయి, గృహప్రవేశాలూ ఫోన్లోనే వస్తున్నాయి, చావు కబుర్లూ అదే ఫోన్లో అదే గంటతో వస్తున్నాయి. కిందటి నెల ఒకాయన పోయారని పెడితే మా బంధువొకాయన చూడకుండా చప్పట్లు కొట్టాడు. ఏ కాలం పొరపాట్లు ఆ కాలానికున్నాయి, మా కాలమే గొప్పదని నేననను. మాకు తప్పు దిద్దుకోవడానికి ఒక రోజంతా పట్టేది, దోనె కావాల్సొచ్చేది. ఆ రోజంతా మనుషుల మొహాలు చూడాల్సొచ్చేది. వీళ్ళకి ఒక్క వేలు చాలు. హాయే మరి. కానీ ఏడుకొండలు గారి తల్లి బొటనవేలితో గడప మూల చూపించిన చూపు మాత్రం నేను ఏ పాఠంలోనూ హారికకి ఇవ్వలేను.

బీపీ మాత్ర వేళయిందని ఆ పిల్లే లేచి మందుల డబ్బా తీసింది. "ఇదేంటి మామ్మా, విప్పనే లేదు?" అని కవరు నా చేతిలో పెట్టింది. ఇక తప్పలేదు. విప్పాను. తెల్ల అట్ట, నల్ల అక్షరాలు, చుట్టూ సన్నటి నల్లగీత, పైన కోడిగుడ్డు ఆకారంలో మాణిక్యమ్మ గారి ఫొటో. నాలుగు మూలలా పసుపు.

అద్దినవాళ్ళకి చేతకాలేదు, నీళ్ళెక్కువై అట్ట ఉబ్బింది. నేను కదలకుండా దాన్నే చూస్తూ కూర్చుంటే హారిక భయపడి నీళ్ళు తెచ్చింది. వాళ్ళబ్బాయికి ఫోను చేశాను. "తప్పనుకోకండి పిన్నిగారూ, అరిష్టమేమోనని మేమూ భయపడ్డామండీ. అమ్మే చెప్పి పోయిందండీ, మిగతా కార్డులకి వద్దు, రాజ్యలక్ష్మి కార్డుకి మాత్రం నాలుగు మూలలా రాయండి అని. ఎందుకో మాకు తెలీదండీ" అన్నాడు. ఇంకేమైనా చెప్పారా నాయనా అని అడిగాను. అతను కాస్త మొహమాటపడ్డాడు. "చింపిందో, మళ్ళీ ఇంటింటికీ తిప్పుతానని చెప్పమందండీ" అన్నాడు.

నేను నవ్వాను, ఏడ్చాను, ఏది ముందో నాకు తెలీదు. కార్డు చింపలేదు. బీరువాలో శుభలేఖల కట్టలో పెట్టాను.